ముందు బోల్టు తీసి చూడండి, తూటా సంగతి తర్వాత

ఈసారి ఉత్తరాలన్నీ రైఫిళ్ళ మీదే వచ్చాయి. పోయిన సంచికలో టెక్సాస్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండొచ్చానని రాశా కదా, దాని ఫలితం అనుకుంటా. ముందే ఒక మాట చెప్పేస్తున్నా, నేను వేటగాణ్ణి కాదు, డాక్‌యార్డులో ముప్పై రెండేళ్ళు లేత్ మీద టర్నర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. అక్కడ మా అబ్బాయి ఇంటికి రెండు వీధుల అవతల తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్ షెడ్డు ఒకటి ఉంటే పొద్దుపోక రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి, ఆయన బ్యారెల్‌కి, అదే తుపాకీ గొట్టానికి, థ్రెడ్ కోస్తుంటే చూస్తూ అదేంటి ఇదేంటి అని విసిగించి తెలుసుకున్నదే ఇదంతా.

ప్రశ్న: మాస్టారూ, మా అల్లుడు డాలస్ దగ్గర ఉంటాడు. నాలుగేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో రెమింగ్టన్ 700 రైఫిల్ కొన్నాడు, .270 వించెస్టర్ తూటాది. ఈమధ్య గురి కుదరట్లేదని చూపిస్తే బ్యారెల్ అయిపోయింది, మార్చాల్సిందే అన్నారట. ఎలాగూ మారుస్తున్నాం కదా 6.5 క్రీడ్‌మూర్ వేయిద్దాం అని వాడు, కాదు .300 వించెస్టర్ మాగ్నమ్ వేయించు అని వాడి ఫ్రెండు. మా అమ్మాయేమో, పదమూడేళ్ళ పిల్లాడు కూడా వాళ్ళ నాన్న పక్కనుండగా దాంతోనే కాలుస్తున్నాడు, భుజం నొప్పంటున్నాడు, దెబ్బ తక్కువుండేది చూడండి అంటోంది. వాళ్ళు కొట్టేది జింకలు, అడవి పందులు, అదీ రెండొందల గజాల లోపే. ఏది వేయించమంటారు? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక మామగారు)

జవాబు: మామగారూ, అందరూ ఇలాగే తూటా పేరు దగ్గర మొదలెడతారు, మొదలెట్టాల్సింది బోల్టు దగ్గర, అంటే తూటాని లోపలికి తోసి వెనక తాళం వేసే కడ్డీ దగ్గర. అల్లుడు గారిని బోల్టు బయటికి లాగి దాని మూతి చూడమనండి, తూటా అడుగు వచ్చి కూర్చునే గుంట ఉంటుంది, వెర్నియర్ పెడితే అటూ ఇటూగా 12 మిల్లీమీటర్లు వస్తుంది, వాళ్ళ లెక్కలో .473 అంగుళం. ఈ కొలత ఇప్పటిది కాదు, జర్మనీ వాళ్ళు 1888లో చేసిన తూటా నుంచి వస్తోంది, అమెరికా సైన్యం 1906లో తెచ్చిన .30-06కీ అదే అడుగు, దాని మెడ నొక్కి 1925లో చేసిన మీ .270కీ అదే, .308కీ .243కీ అదే, మొన్న మొన్న 2007లో వచ్చిన క్రీడ్‌మూర్‌కీ అదే. నీళ్ళ బాటిల్ అర లీటరైనా రెండు లీటర్లయినా మూత ఒకటే సైజు చూడండి, అలాగన్నమాట. ఈ కుటుంబంలో ఏది ఎంచుకున్నా బోల్టు జోలికి పోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఫ్రెండు చెప్పిన మాగ్నమ్ తీసుకోండి. దాని అడుగు 13.5 మిల్లీమీటర్లు, నడుముకి వడ్డాణం పెట్టినట్టు బెల్టు ఒకటి. అంటే బోల్టు మూతి తరిగి పెద్దది చేయాలి లేకపోతే బోల్టే మార్చాలి, తూటాలు పేర్చే పెట్టె, అదే మేగజైన్, దాని అంచులూ సరిచేయాలి, బ్యారెల్ ఖర్చు మీద ఇదంతా అదనం. పైగా వెనక్కి తన్నే దెబ్బ ఎనిమిది పౌన్ల రైఫిల్లో దాదాపు 26 ఫుట్ పౌండ్లు, మీ .270ది 17 దగ్గర. ఉన్నదానికే పిల్లాడు భుజం పట్టుకుంటుంటే ఇదెవరికి చెప్పండి? రెండొందల గజాల జింకకి అంత తుపాకీ మందు తగలేయడం దండగ, బ్యారెల్ కూడా ఇంకా తొందరగా కాలిపోతుంది. ఆ ఫ్రెండుకి కాఫీ ఇచ్చి పంపేయండి.

క్రీడ్‌మూర్ సంగతి వేరు, అది మంచి తూటా, నేను కాదనను. దెబ్బ 12 ఫుట్ పౌండ్ల దగ్గరుంటుంది, గురి బాగుంటుంది, బోల్టుకి సరిపోతుంది. చిక్కంతా పొడవుతోనే. .270 తూటా మొత్తం పొడవు 84.8 మిల్లీమీటర్లు, క్రీడ్‌మూర్‌ది 71.8, మీ అల్లుడి రైఫిల్ పొడుగు తూటాల కోసం చేసింది. గన్‌స్మిత్ ఒకరోజు నాకు చేసి చూపించాడు, మందు లేని డమ్మీ క్రీడ్‌మూర్లు రెండు ఆ పొడుగు మేగజైన్లో వేసి చెవి దగ్గర ఊపితే అగ్గిపెట్టెలో రెండే పుల్లలున్నట్టు గలగలమన్నాయి. బోల్టు తోస్తే పదిసార్లలో తొమ్మిదిసార్లు నున్నగా లోపలికి పోయాయి, పదోసారి ముక్కు కిందకి దించి మేగజైన్ గోడకి పొడుచుకుంది. వెనకాల 13 మిల్లీమీటర్ల అడ్డు చెక్క లాంటిది పెట్టి సరిచేస్తారు, చేయొచ్చు, కానీ పొడుగు రైఫిల్ పెట్టుకుని పొట్టి తూటా కోసం ఈ తంటా ఎందుకని నాకనిపిస్తుంది. కొత్తగా పొట్టి తూటాల కోసం చేసిన రైఫిల్ కొనేవాడైతే కళ్ళు మూసుకుని క్రీడ్‌మూర్ తీసుకోమనేవాణ్ణి.

మూడోది షాపు. వాళ్ళుండే చోట పశువుల దాణా అమ్మే కొట్లో కూడా తూటాలుంటాయి, నేను చూసిన కొట్లో .270, .30-06, .308 ఎప్పుడూ కనిపించేవి, మిగతావి ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. కోవిడ్ టైములో 2020, 21ల్లో అమెరికా అంతా తూటాల కరువొచ్చింది, అరలన్నీ ఖాళీ. అప్పుడు ఇంట్లో పాత ఇత్తడి కేసులు దాచుకుని మళ్ళీ నింపుకునే సరంజామా ఉన్నవాళ్ళే నిశ్చింతగా ఉన్నారని ఆయన చెప్పాడు. మీ అల్లుడు నాలుగేళ్ళుగా .270 కాలుస్తున్నాడంటే ఇంట్లో డబ్బాలు ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టమనండి. తూటా మారిస్తే అవన్నీ పక్కింటివాళ్ళకి ఇచ్చేయడమే.

కాబట్టి నా మాటైతే మళ్ళీ .270నే. మార్పు కావాల్సిందే అని పట్టుబడితే .30-06, అదీ బోల్టు మేగజైన్ ఏదీ ముట్టుకోకుండా దిగిపోతుంది, కాకపోతే దెబ్బ ఇంకొంచెం ఎక్కువ.

మనవడి భుజం గురించి, నాకు తూటా మీద కంటే కర్ర మీద, అంటే భుజానికి ఆనించే స్టాక్ మీద అనుమానం. పెద్దాళ్ళ చేతి పొడవుకి చేసిన స్టాక్ పిల్లాడు పట్టుకుంటే మడమ భుజం గుంటలో కూర్చోదు, జారి జబ్బ ఎముక మీదకి వస్తుంది, అక్కడ ఎంత చిన్న తూటా అయినా నొప్పే. స్టాక్ పొట్టిది వేయించి, మంచి రబ్బరు ప్యాడ్ పెట్టించి చూడమనండి, బ్యారెల్ ఖర్చుతో పోలిస్తే అదెంత.

ఇంకోటి, బ్యారెల్ ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. గన్‌స్మిత్ సన్న కెమెరా గొట్టం లోపలికి దించి ఒక పాత .270 బ్యారెల్ గొంతు చూపించాడు, అంటే తూటా ముక్కు ఆనే చోటు, వేసవిలో ఎండిన చెరువు అడుగు ఎలా బీటలు వారుతుందో అచ్చం అలాగుంది, గుండుని తిప్పే గాళ్ళు మొదలయ్యే చోట అంచులే లేవు. .270 పీడనం చదరపు అంగుళానికి 65,000 పౌన్ల దాకా వెళ్ళొచ్చు, ఆ మంట గాలి ప్రతిసారీ అక్కడే తగులుతుంది. అది మామూలే, కానీ బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా ఆపకుండా డబ్బాకి డబ్బా కాల్చేస్తే బీటలు తొందరగా వస్తాయి. మూడు కాల్చి, చల్లారాక మళ్ళీ మూడు. బిగించాక గో, నో-గో అని రెండు గేజులు పెట్టి చూస్తారు, ఒకదాని మీద బోల్టు మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. అది కళ్ళారా చూశాకే డబ్బులివ్వమని చెప్పండి.

ప్రశ్న: సార్, మా తాతగారి .315 రైఫిల్ ఉంది, ఇషాపూర్ ఫ్యాక్టరీది, నాన్న పేరు మీద లైసెన్స్. హుద్‌హుద్ తుపానులో ఇంట్లోకి నీళ్ళొచ్చి పెట్టెతో సహా తడిసింది, తుడిచాం గానీ బ్యారెల్ లోపల గుంటలు పడ్డాయి. మార్చేటప్పుడు .308 బ్యారెల్ వేయించొచ్చా? ఇషాపూర్‌లోనే 7.62 రైఫిళ్ళు కూడా చేశారు కదా, అదే బాడీ అంటున్నారు. (భీమిలి నుంచి)

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ ఆలోచన ఇక్కడితో ఆపేయ్. ముందు చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ మీద ఏ బోర్, అంటే గొట్టం కొలత, రాసుందో అదే ఉండాలి, బోర్ మార్చడం అంటే కొత్త ఆయుధం చేసినంత పని. పైగా సైన్యం కోసం చేసిన .303, 7.62 తూటాలు (నీ .308 దాదాపు ఈ 7.62నే) పేలే రైఫిళ్ళు ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధించిన కొలత, కిందకి వస్తాయి, మామూలు లైసెన్స్ మీద అది ఇంట్లో ఉంటే నీ చుట్టూ పోలీసులే. అసలు మీ తాతల కాలంలో .315 అనే తూటా మన దేశంలో పాతుకుపోవడానికి కారణమే అది, సైన్యం తూటా జనం చేతిలో ఉండకూడదని తెల్లోళ్ళు పెట్టిన కట్టడి. అప్పుడు ఆస్ట్రియా వాళ్ళ పాత 8 మిల్లీమీటర్ల తూటాని ఇలా వాడుకున్నారు.

ఇక లోహం సంగతి. ఇషాపూర్ వాళ్ళు 1960ల్లో 7.62 కోసం చేసిన 2ఏ రైఫిల్ చూడ్డానికి తెల్లోళ్ళ సైన్యం పాత రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ లాగే ఉంటుంది గానీ ఆ ఎక్కువ పీడనానికి తట్టుకోవాలని ఉక్కే మార్చి చేశారు. నీ .315 ఆ లీ-ఎన్‌ఫీల్డ్ తరహాదే, బోల్టు తాళం వెనక పక్కన పడుతుంది. బయటికి ఒకేలా ఉన్నాయి కదా అని స్కూటర్ ఇంజన్లో బుల్లెట్ బండి పిస్టన్ వేస్తామా? .315 తూటాకి అడుగున గాజులా బయటికొచ్చిన అంచు ఉంటుంది, .308కి లేదు, బోల్టు గోరు దాన్ని పట్టుకోను కూడా పట్టుకోదు.

మరి ఏం చేయాలంటే, అదే .315 బ్యారెల్ మాత్రమే, అదీ లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులో అడిగి, లైసెన్స్ ఉన్న రిపేరు షాపులోనే. నాన్నగారికి వేట అవసరం ఎలాగూ లేదు, 1972 నుంచి వన్యప్రాణుల చట్టం ఉంది, కాబట్టి గుంటలు పడ్డ బ్యారెల్‌తో కాల్చకుండా ఊరుకున్నా నష్టం లేదు.

2014 అక్టోబర్ 12న తడిసింది నిజమే గానీ, అంతా హుద్‌హుద్ మీద తోసేయకు. పాత తూటాల క్యాపుల్లో వాడిన మందు కాలాక బ్యారెల్లో ఒకరకం ఉప్పు మిగులుతుంది, దానికి చెమ్మ లాక్కునే గుణం. మన ఇంట్లో వానాకాలం ఉప్పు జాడీ మూత తీస్తే గడ్డకట్టి నీరు కారుతుంటుంది చూశావా, అదే పని బ్యారెల్ లోపల ఏళ్ళ తరబడి జరిగుంటుంది. నూనె గుడ్డతో తుడిస్తే ఉప్పు పోదు, ఉప్పు కరిగేది నీళ్ళకే. అందుకే పాతకాలం వాళ్ళు ముందు వేణ్ణీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, తర్వాత నూనె పట్టించేవాళ్ళు. సముద్రం పక్కన ఉన్నవాళ్ళం, మనకి అది ఇంకా ముఖ్యం. తుపాకీని తోలు సంచిలో మాత్రం దాచకు, తోలు చెమ్మ పట్టి కూర్చుంటుంది.

ప్రశ్న: .270 అంటే 0.270 అంగుళం అనేగా? మరి గుండు కొలిస్తే తేడా వస్తుందంటారేంటి? (గాజువాక, డిప్లొమా విద్యార్థి)

జవాబు: పేరు పేరే, కొలత కొలతే బాబూ. .270 గుండు, అంటే తూటాలోంచి ఎగిరిపోయే ముక్క, కొలిస్తే .277 వస్తుంది. .303 కొలిస్తే .311 పైన. .30-06లో 06 అనేది కొలతే కాదు, 1906 సంవత్సరం. .308 మాత్రం నిజాయితీగా .308. .275 రిగ్‌బీ అని పులుల వేటగాడు జిమ్ కార్బెట్ వాడిన రైఫిల్ గురించి విన్నావా, ఆ తూటా జర్మన్ల 7×57 మౌజరే, ఇంగ్లీషు వాళ్ళు ఇంకో పేరు పెట్టుకున్నారు. పేరు చూసి గుండు కొనకు, బ్యారెల్ మీద చెక్కింది, డబ్బా మీద ముద్రించింది అక్షరం అక్షరం కలవాలి.

ప్రశ్న: బ్యారెల్ మార్చాక పాతది పారేయాలనిపించలేదు, ఇండియా వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చి నాన్నకి చేతికర్ర చేయించాలని ఉంది. తేవచ్చా? (హ్యూస్టన్ నుంచి, సొంతూరు మధురవాడ)

జవాబు: అమ్మా, చేతికర్ర బజార్లో దొరుకుతుంది. మన చట్టంలో ఆయుధం అంటే దాని విడి భాగాలు కూడా, బ్యారెల్ అందులో మొదటిది, ఎంత అరిగిపోయినా సరే. లైసెన్స్ లేకుండా తేవడం నేరం. ఖాళీ తూటా తెచ్చినా చిక్కే. గన్‌స్మిత్ నాకు గుర్తుగా ఒక .270 ఖాళీ కేసుకి తాళాల రింగు పెట్టిచ్చాడు, నేను దాన్ని ఇడ్లీ రవ్వ డబ్బాలో కూరేసి సూట్‌కేసు మూసేశా, బయల్దేరే రోజు పొద్దున్న మా కోడలు బరువు తూయడానికి అన్నీ బయటికి తీస్తుంటే దొరికింది. అది ఇప్పటికీ వాళ్ళ ఫ్రిజ్ మీదే ఉంది.