తేనెటీగల పెంపకం కొత్తగా నేర్చుకునేవారు ఏ పుస్తకాలు చదవాలి?

తోటలో రెండు పెట్టెలతో తేనెటీగల పెంపకం మొదలుపెట్టాలనుకుంటున్నానని, తెలుగులో దొరికే చిన్న పుస్తకాలు సరిపోతాయా లేక పేరున్న ఇంగ్లీషు పుస్తకం కొనాలా అని అడిగారు. ముందుగా మీ పెట్టెలో ఉండబోయేది ఏ ఈగో తేల్చుకోండి. మన పుట్టల్లో, చెట్టు తొర్రల్లో కాపురముండే పుట్ట తేనెటీగ వేరు, ఇటాలియన్ ఈగ అని పిలిచే ఐరోపా జాతి వేరు. ఇంగ్లీషులో పేరు పొందిన పుస్తకాల్లో చాలా భాగం రెండోదాని గురించి, అదీ మంచు కురిసే దేశాల పెంపకందారుల కోసం రాసినవి. వాటిలో శీతకాలపు ఏర్పాట్లకు పెద్ద అధ్యాయాలుంటాయి.

నేను అరకు వైపు పుట్ట తేనెటీగలను పెంచుతున్నాను. అక్కడ నూనెగింజల పంట వలిసె పూసే రోజుల్లో చట్రాలు (పెట్టెలో ఈగలు మైనపు గూడు కట్టే చెక్క ఫ్రేములు) బరువెక్కుతాయి, ముసురు పట్టినప్పుడు మాత్రం ఈగ గడప దాటలేదు, పంచదార పాకం మనమే పెట్టాలి. ఆకలి వేసినా, గూటి మైనాన్ని తినే మైనపు పురుగు పట్టినా ఈ జాతి రాణితో సహా పెట్టెను పూర్తిగా ఖాళీ చేసి వెళ్లిపోతుంది. ఇది పాత రాణి కొన్ని ఈగలతో విడిపోయి మిగతావాటిని గూట్లోనే వదిలే గుంపు చీలిక కాదు. అందుకే పుస్తకం చేతికి రాగానే ఈ రెంటినీ వేరు చేసి చెప్పారా, గూడు విడిచిపోవడానికి కారణాలు, నివారణ రాశారా అని చూస్తాను. అవి లేని పుస్తకాన్ని పుట్ట తేనెటీగలు పెంచేవారికి సూచించను.

తర్వాత బొమ్మలు చూడండి. ఎండ మన భుజం మీదుగా మైనపు గూటి గదుల్లోకి పడేలా చట్రాన్ని పట్టుకుంటే, అడుగున సన్నని తెల్లని గుడ్డు నిలబడి కనిపిస్తుంది. గుడ్డు మూడు రోజుల్లో పొదుగుతుంది కాబట్టి, రాణి కంటపడకపోయినా ఈమధ్యే అక్కడ గుడ్లు పెట్టిందని తెలుస్తుంది. గుడ్డు, పిల్లపురుగు, మూతపడిన గది, పోతుటీగల గది, రాణి గది దగ్గరగా తీసిన రంగు ఫోటోల్లో ఉండాలి. కొత్తవారికి ఇంతకంటే పనికొచ్చే పేజీలు లేవని నా నమ్మకం.

అచ్చయిన సంవత్సరం కూడా ముఖ్యమే. 1990ల తొలినాళ్లలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణ భారతంలో పుట్ట తేనెటీగలను భారీగా తుడిచిపెట్టింది, పిల్లపురుగులు గదుల్లోనే సంచిలా ఉబ్బి చనిపోయేవి. అంతకుముందరి పుస్తకాల్లో మన ప్రాంతంలో ఈ తెగులు గురించి ఉండదు. పెట్టె కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం: అమెరికా పెంపకందారు లాంగ్‌స్ట్రాత్ 1851లో గుర్తించిన, చట్రాల మధ్య ఈగలు తిరిగే ఖాళీ ఐరోపా ఈగకు సరిపోయేది, మన ఈగ చిన్నది కనుక ఆ కొలతలను వడ్రంగికి ఇవ్వకండి. మన ఈగకు సరిపడే న్యూటన్ పెట్టె, ఐ.ఎస్.ఐ. (భారత ప్రమాణాల) పెట్టెల కొలతలున్న భారతీయ పుస్తకాన్నే నమ్మండి.

కాబట్టి మీది పుట్ట తేనెటీగే అయితే, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, ఖాదీ కమిషన్ వంటి సంస్థలు వేసే చిన్న పుస్తకాల్లో స్థానిక పూల పట్టిక ఉన్నదాన్ని మొదట తీసుకోండి. కానుగ, కుంకుడు, చింత, కొబ్బరి, పొద్దుతిరుగుడు ఎప్పుడు పూస్తాయో అందులో ఉంటే మీ పని సగం తేలికవుతుంది. ఈగల శరీర నిర్మాణం, రాణి పెంపకం లోతుగా తెలుసుకోవాలనిపించాక ఇంగ్లీషు పుస్తకం కొనండి. పెట్టె తనిఖీ అధ్యాయాన్ని మాత్రం కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణకు వెళ్లే ముందే చదవండి, అప్పుడే అక్కడ చట్రం చేతికిచ్చినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.