కుక్క చెప్పే ఇంటి కథ

ప్రశ్న: మేడమ్, మా నాన్న పోయాక ఇంట్లో జరిగిందంతా నవలగా రాస్తున్నాను. కథ మొత్తం మా కుక్క రాజు చెబుతుంది. మొదటి అధ్యాయం మీకు పంపాను. 'కుక్క కథ చెప్పడమేంటి, చిన్నపిల్లల పుస్తకమా?' అంటున్నాడు మా అన్నయ్య. చదివేవాళ్ళు నమ్మాలంటే ఎలా రాయాలి? చివర్లో రాజు కూడా చనిపోతే బాగుంటుందా?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ అన్నయ్యకు నన్నయ ఆదిపర్వం చూపించండమ్మా. మొదటి ఆశ్వాసంలోనే సరమ అనే కుక్క, తన బిడ్డను అన్యాయంగా కొట్టారని జనమేజయుడి దగ్గరికే వెళ్ళి నిలదీస్తుంది. ఇక మన నెల్లూరు తిక్కన గారి మహాప్రస్థానిక పర్వం ఉండనే ఉంది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఒక్కొక్కరే దారిలో పడిపోతుంటే, చివరిదాకా మిగిలింది ధర్మరాజూ, వెంట నడిచిన ఒక కుక్కా. కాబట్టి ధైర్యంగా రాయండి.

ఇప్పుడు మీ అధ్యాయం. రెండో పేజీలో రాజు 'అమ్మ నుదుట ఎర్రటి కుంకుమ లేదు' అంటుంది. కుక్కకు నీలం, పసుపు బాగా తెలుస్తాయి గానీ ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా తెలియవు. దాని లోకమంతా ముక్కులో, చెవుల్లో ఉంటుంది. అమ్మ నడుస్తుంటే గాజుల చప్పుడు లేదనండి. దగ్గరికి పిలిచి నిమిరితే చేతికి పసుపు వాసన లేదనండి. ఆ తతంగం ఎంత క్రూరమైనదో మీరు ఒక్క మాట అనకుండానే చదివేవాళ్ళ గుండెకు తగులుతుంది.

పెద్దకర్మ అయ్యేదాకా ఇంట్లో నీచు వండరు కదా. రాజుకు మైల, కర్మ ఏం తెలుసు? ఆదివారం దాకలో చేపల పులుసు ఉడుకుతుంటే మామిడికాయ పులుపు వాకిట్లోకి రావడం తెలుసు. నాన్న తిని లేచి తలకాయ తనకు వేయడం తెలుసు. ఈ ఆదివారం వంటింట్లోంచి పప్పు వాసన వస్తోంది. నాన్న చెప్పులు అరుగు మీదే ఉన్నాయి, వాటిలో ఆయన వాసన రోజురోజుకీ తగ్గుతోంది. అక్కడ ఆగండి. 'నాన్న చనిపోయాడు' అని రాజు చేత అనిపించొద్దు. 'జీవితం క్షణభంగురం' అంటూ సాగిన పేజీన్నర కూడా తీసేయండి. అది మీ బాధ, నాకు అర్థమైంది, కానీ రాజు గొంతులో అది అతకలేదు.

మరి మనుషుల మాటలు ఎలా రాయాలంటారా? రాజు అన్నీ వింటుంది, విన్నది విన్నట్టు చెబుతుంది. వాటా, వీలునామా అంటే ఏమిటో మాత్రం దానికి తెలియదు. పెదనాన్న గొంతు పెరిగిందని, అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయిందని తెలుసు. మిగతాది చదివేవాళ్ళు పోల్చుకుంటారు. మీ నవలకు అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం.

రాజును మాత్రం చంపకండి. కన్నీళ్ళ కోసం చివరి పేజీలో కుక్కను చంపడం నాకు అస్సలు నచ్చదు. అప్పటిదాకా మీ నాన్న కోసం ఏడ్చినవాళ్ళు చివరికి కుక్క కోసం ఏడ్చి పుస్తకం మూస్తారు. అది ఆయనకు అన్యాయం. అమ్మ మళ్ళీ చేపలు తెప్పించిన రోజు దాకా కథ నడపండి. ఆ పూట రాజుకు తలకాయ ఎవరు వేస్తారో ఆలోచించి రాయండి. రెండో అధ్యాయం పంపండి, తప్పకుండా చదువుతాను.