వడ్డీకే చాలని మైలేజీ కోసం గాజులు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది అనంతపురం, చీరల వ్యాపారం. సరుకు కోసం వారానికి రెండుసార్లు ధర్మవరం వెళ్లి వస్తాను. ఊళ్లో తిరుగుడుతో కలిపి నెలకు 800 కిలోమీటర్లవుతుంది. బండి 2010 స్విఫ్ట్, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తోంది. రిజిస్ట్రేషన్ గడువు 2025 డిసెంబరులో తీరింది, ఇంకా రెన్యూవల్ చేయించలేదు. తర్వాతి మోడల్ స్విఫ్ట్‌లోని వీవీటీ (ఇంజిన్ వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజిన్ హెడ్డు, దాని గేరు బెంగళూరు శివాజీనగర్ గుజరీ నుంచి తెచ్చి బిగిస్తే పదహారున్నర ఇస్తుందని షెడ్డులో చెప్పారు. కూలితో కలిపి 65 వేలు. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి 12 శాతం వడ్డీకి అప్పు తేవాలనుకుంటున్నాను. ఖర్చులు పోను నెలకు 5 వేలు మిగులుతుంది. ఈ ఖర్చు పెట్టవచ్చా సార్?

జవాబు: వద్దండి. ఎందుకు వద్దంటున్నానో మీ అంకెలతోనే చెబుతాను.

మీరు ఏడాదికి 9,600 కిలోమీటర్లు తిరుగుతారు. లీటరుకు 15 చొప్పున 640 లీటర్లు కావాలి, పదహారున్నర చొప్పున 582. అంటే 58 లీటర్లు మిగులు. లీటరు 110 రూపాయలనుకుంటే ఏడాదికి 6,380. మరి 65 వేల మీద 12 శాతం వడ్డీ ఎంత? 7,800. మెకానిక్ చెప్పిన ప్రతి మాటా నిజమైనా, మిగిలిన పెట్రోలు డబ్బుకు మరో 1,420 కలిపితేనే వడ్డీ తీరుతుంది. అసలు అలాగే ఉంటుంది, గాజులు అక్కడే ఉంటాయి. సొంత డబ్బే పెట్టినా అది వెనక్కి రావడానికి పదేళ్లు పడుతుంది. అప్పటికి మీ బండి వయసు పాతికేళ్లు దాటుతుంది.

ఆ పదహారున్నర అయినా వస్తుందా అన్నది నాకు పెద్ద సందేహం. ఇంజిన్ల పని నాది కాదు కాబట్టి, మీ ఉత్తరం పట్టుకుని నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన విప్పి ఉన్న ఒక వీవీటీ గేరును నా చేతిలో పెట్టారు. ఇన్‌టేక్ క్యామ్‌షాఫ్ట్ (గాలి లోపలికి వచ్చే వాల్వులను తెరిచే కడ్డీ) చివర ఉండే గేరు అది. లోపల చిన్న చిన్న గదులున్నాయి. వాటిలోకి ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో వచ్చినప్పుడు క్యామ్ కొద్దిగా ముందుకో వెనక్కో తిరుగుతుంది, వాల్వులు తెరుచుకునే సమయం మారుతుంది. ఆయిల్‌ను ఎప్పుడు, ఎంత పంపాలో ఇంజిన్ కంప్యూటర్ ఒక కంట్రోల్ వాల్వు ద్వారా నిర్ణయిస్తుంది. ఆయిల్ రాకపోతే గేరును కదలకుండా పట్టి ఉంచే చిన్న పిన్ను కూడా లోపల ఉంది. దాన్ని వేలితో చూపించి ఆయన ఒక్కటే అడిగారు: "దీన్ని నడిపేది ఎవరు?"

మీ 2010 బండిలో వీవీటీ లేదు. 2011 ఆగస్టులో వచ్చిన కొత్త స్విఫ్ట్‌తో అది వచ్చింది. రెండూ 1.2 లీటర్ల కె సిరీస్ ఇంజిన్లే కావడంతో ఇట్టే అమరిపోతాయనిపిస్తుంది. కానీ మీ బండి కంప్యూటర్‌కు ఆ వాల్వును నడపడం తెలియదు. ఆయిల్ వెళ్లే దారులు, ముందు కవర్, సెన్సర్లు, వైరింగు, కంప్యూటర్, దానితో ముడిపడిన తాళంచెవి కోడ్ అన్నీ సరిపోవాలి. మీకు చెప్పిన 65 వేలలో ఉన్నవి హెడ్డు, గేరు, కూలి మాత్రమే. మిగతావి లేకుండా బిగిస్తే ఆ పిన్ను గేరును ఒకే చోట పట్టుకుని కూర్చుంటుంది, మీరు డబ్బు పెట్టి కొన్న వీవీటీ పనిచేయదు. ఇక టైమింగ్ చెయిన్ తప్పుగా కూర్చుంటే వాల్వులు పిస్టన్‌కు తగిలి ఇంజినే పోవచ్చు.

ఇలాంటి మార్పులు చేసేవాళ్లు లేకపోలేదు. హోండా బి సిరీస్ ఇంజిన్లలో వీటెక్ (వాల్వుల పనితీరు మార్చే హోండా ఏర్పాటు) లేని బ్లాకు మీద, అంటే ఇంజిన్ కింది భాగం మీద, వీటెక్ హెడ్డు బిగించి, ఆయిల్ కోసం బయటి నుంచి ప్రత్యేకంగా గొట్టం వేస్తారు. వాళ్లకు కావలసింది వేగం. పెట్రోలు ఆదా కోసం ఎవరూ అంత శ్రమ పడరు.

బీమా సంగతి కూడా చూడండి. ఇంజిన్‌లో మార్పు చేస్తే కంపెనీకి చెప్పాలి, చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. మామూలు పాలసీ యాంత్రిక లోపాలకు ఎలాగూ డబ్బివ్వదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడంపై మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆంక్షలు పెట్టింది. రేపు అమ్మబోతే కొనేవాడు ఈ 65 వేలకు విలువ కట్టడు సరికదా, ఇంజిన్ విప్పారని తెలిస్తే బేరం తగ్గిస్తాడు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన రెన్యూవల్. గడువు తీరిన రిజిస్ట్రేషన్‌తో హైవే మీద తిరుగుతున్నారు. ముందు ఆ పని చూడండి. కారు రెన్యూవల్ ఫీజు 5,000, దాని మీద గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. ఆలస్యానికి అదనపు రుసుమూ ఉంటుంది. ఈ నెల మిగులు దీనికే పోనివ్వండి.

పెట్రోలు ఆదా మీ ప్రయాణాల్లోనే ఉంది. ధర్మవరం వెళ్లి వస్తే సుమారు 80 కిలోమీటర్లు. నెలకు ఎనిమిది సార్లు వెళ్తున్నారు. అందులో డబ్బు చెల్లించడానికో, కొత్త డిజైన్లు చూడటానికో వెళ్లే రోజులు రెండైనా ఉంటాయి. ఆ రెండు రోజులూ రైలెక్కండి, లేదా ఫోనులో వీడియో కాల్ పెట్టి చీరలు చూడండి. 160 కిలోమీటర్లు తగ్గితే నెలకు దాదాపు 1,170 రూపాయల పెట్రోలు మిగులుతుంది, ఏడాదికి 14 వేలు. రైలు టికెట్లు పోయినా, వీవీటీ ఇస్తుందన్న దానికి దాదాపు రెట్టింపు.

దాన్ని మీ 5 వేలతో కలిపి నెలకు 6 వేల చొప్పున రెండేళ్లు రికరింగ్ డిపాజిట్ కట్టండి. వడ్డీ కాక 1,44,000 అవుతుంది. ఈ బండి అమ్మిన డబ్బు దానికి కలిపి, వీవీటీ కంపెనీ నుంచే వచ్చిన వాడిన కారు చూసుకోవచ్చు. ఈలోగా ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, టైర్ల గాలి చూపించండి. చక్రం పైకెత్తి చేత్తో తిప్పించి, బ్రేకు పట్టేస్తోందేమో చూడమనండి. తర్వాత ట్యాంకు నిండా పోయించి, మీటరు అంకె రాసుకుని, మళ్లీ నిండా పోయించినప్పుడు, ఈలోగా తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. రెండు నెలలు అలా రాసి నాకు పంపండి. ఎలాంటి కారు చూడాలో ఆ అంకెలు చూసి చెబుతాను.