పరదేశం ప్రశ్నలు: ఓ-పేర్‌గా జర్మనీ వెళ్లొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. బీఎస్సీ అయింది, ఇప్పుడు 24 ఏళ్లు. రెండేళ్లుగా ఒక ప్రీస్కూల్లో టీచర్‌గా చేస్తున్నా. ఓ-పేర్‌గా జర్మనీ పోతే అక్కడ పిల్లల్ని చూసుకున్నందుకు ఇల్లు, తిండి, జీతం ఇస్తారని, ఏడాది తర్వాత అదే ఉద్యోగ వీసాగా మారిపోతుందని ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. రెండున్నర లక్షలు అడుగుతున్నారు. మా పిన్నికి తెలిసిన తెలుగు కుటుంబం ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది. వాళ్లయితే పైసా లేకుండా పిలిపిస్తామంటున్నారు. మా అమ్మేమో ‘డిగ్రీ చదివి ఇంకొకరింట్లో పనిమనిషిగా పోతావా’ అని రోజూ గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఫ్రాంక్‌ఫర్ట్ సంగతి తేల్చేద్దాం. అది కుదరదు. ఓ-పేర్‌ని పెట్టుకునే ఇంట్లో జర్మన్ మాట్లాడాలి. ఇంట్లో జర్మన్ మాట్లాడినా అది వాళ్ల మాతృభాష కాకపోతే, ఆ దంపతుల సొంత దేశం నుంచి వచ్చిన అమ్మాయిని ఓ-పేర్‌గా పెట్టుకోకూడదు. చుట్టరికం ఉన్నా కుదరదు. అంటే మన తెలుగువాళ్లు మన అమ్మాయిని ఈ వీసా మీద తీసుకెళ్లలేరు. రూలు పక్కన పెట్టు, కుదిరినా నేను వద్దనే అనేదాన్ని. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పుచారు, రాత్రి మళ్లీ అన్నం, కూర అంటూ వంటింట్లోనే ఏడాది గడిచిపోతుంది. ‘మనమ్మాయే కదా’ అన్న మాట దగ్గర పనిగంటల లెక్క ఉండదు. ఇక జర్మన్ ముక్క రాదు.

కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, అందుకే నమ్మాలనిపిస్తుంది. నీకు విడిగా ఒక గది, మూడు పూటలా తిండి, ఆరోగ్య బీమా ఆ కుటుంబమే ఇవ్వాలి. వాళ్లు జీతం అని చెప్పింది మాత్రం జీతం కాదు, చేతిఖర్చు. నెలకు 280 యూరోలు, యూరోకు వంద రూపాయల లెక్కన 28 వేల రూపాయలు. భాషా తరగతికి విడిగా నెలకు 70 యూరోలు ఇస్తారు. ఇప్పుడు లెక్క వేసుకో. వాళ్లడిగిన రెండున్నర లక్షలు తొమ్మిది నెలల చేతిఖర్చు. విమానం టికెట్ మామూలుగా మనమే పెట్టుకోవాలి. ఇంటికి డబ్బు పంపాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయ్. బస్సు పాసు, ఫోను, చలికోటు, వారాంతంలో ఎక్కడికన్నా వెళ్తే ఒక కాఫీ, అంతటితో సరి. దేశమంతా లోకల్ రైళ్లలో, బస్సుల్లో తిరిగే నెల టికెట్టే 2026 జనవరి నుంచి 63 యూరోలు. కొన్ని కుటుంబాలు అది కొనిస్తాయి, ముందే అడుగు.

‘ఉద్యోగ వీసాగా మారిపోతుంది’ అన్నది శుద్ధ అబద్ధం. ఓ-పేర్ గడువు కనీసం ఆరు నెలలు, గరిష్ఠం 12 నెలలు. రెండోసారి ఇవ్వరు. దానంతటదే ఏదీ మారదు. ఆ ఏడాదిలో నీ జర్మన్ బీ1, బీ2 (మధ్య స్థాయిలు) దాకా పెరిగితే, నర్సింగ్ లాంటి మూడేళ్ల వృత్తి శిక్షణకు కానీ, స్వచ్ఛంద సేవా సంవత్సరానికి కానీ విడిగా అప్లై చేసుకోవచ్చు. ఆ దారిలో నిలబడ్డ మన అమ్మాయిలు ఉన్నారు. వాళ్లను నిలబెట్టింది భాషే. ఏజెంట్ల ప్రమేయం ఏమీ లేదు. అన్నట్టు, జర్మనీలో ఉన్న ఏజెన్సీలు ఓ-పేర్ దగ్గర 150 యూరోలకు మించి ఫీజు తీసుకోకూడదు. ఆ మాట చెప్పి మీ కన్సల్టెన్సీ వాళ్ల మొహం ఎలా ఉందో చూడు.

నా సలహా ఇది. ముందు జర్మన్‌లో మొదటి మెట్టు ఏ1 పూర్తి చెయ్యి, అది లేకుండా వీసా లేదు. తిరుపతిలో ఇప్పుడు జర్మన్ నేర్పేవాళ్లు ఉన్నారు (నేనూ వాళ్లలో ఒకదాన్నే, కాబట్టి నా మాట కొంచెం తగ్గించి విను). పరీక్షకు చెన్నై గోథె ఇన్‌స్టిట్యూట్ ఉండనే ఉంది, పొద్దున రైలెక్కితే సరిపోతుంది. వీసా అప్లికేషన్ పెట్టేనాటికి నీకు 27 నిండకూడదు. నీకింకా టైముంది, తొందర పెట్టేవాళ్ల మాట వినొద్దు. స్టూడెంట్ వీసాకి చూపించినట్టు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంచెమే తీయగలిగే ఖాతాలో) లక్షలు చూపించే పని దీనికి లేదు. ఇంటర్వ్యూలో ఎందుకు వెళ్తున్నావని జర్మన్‌లోనే అడిగితే నాలుగు ముక్కలు సొంతంగా చెప్పగలగాలి. బట్టీపట్టిన జవాబు రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

కుటుంబాన్ని వెతుక్కోవడం దగ్గర మాత్రం నిదానంగా ఉండు. నేను స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్లో ఏడాది ఉన్నాను. నాలుగేళ్ల బాబు, ఆరేళ్ల పాప. పొద్దునే ఇద్దరికీ రొట్టె డబ్బాలు సర్దాలి. రొట్టె ముక్కల మధ్య చీజ్, ఒక పక్క దోసకాయ ముక్కలు, ఇంకో పక్క ఆపిల్. బిస్కెట్ పెడితే కిండర్‌గార్టెన్ వాళ్లు తిప్పి పంపేవాళ్లు. వాన పడుతుంటే పిల్లల్ని లోపల కూర్చోబెట్టడం మన అలవాటు. అక్కడ ప్యాంటు మీద రబ్బరు ప్యాంటు తొడిగి, బూట్లు వేసి, బురదలోకే వదులుతారు. ఆ రబ్బరు ప్యాంటు పట్టీలు బూటు కిందనుంచి లాగి తగిలించేసరికి బాబు ఇంకో కాలు బయటికి తీసేసేవాడు. జర్మన్‌లో చెంచాని ‘డేర్ లోఫెల్’ అనాలి. నేను తప్పుగా ‘డీ లోఫెల్’ అంటే చెంచా చేత్తో పట్టుకుని ‘డేర్ లోఫెల్!’ అని అరిచి దిద్దేవాడు. ఏ తరగతిలోనూ అంత కచ్చితమైన మాస్టారు నాకు దొరకలేదు.

పని వారానికి 30 గంటలు, మామూలుగా రోజుకు ఆరు గంటలు మించకూడదు. వారానికి ఒకటిన్నర రోజు సెలవు, నెలలో కనీసం ఒక ఆదివారం పూర్తిగా నీది, వారంలో నాలుగు సాయంత్రాలు నీవి. ఏడాదికి నాలుగు వారాలు డబ్బు కోత లేని సెలవు. పిల్లల బట్టలు మడతపెట్టడం, వాళ్ల గది ఊడ్చడం, చిన్న వంట, గిన్నెలు మెషీన్‌లో పెట్టడం నీ పనే. ఇల్లంతా కడగడం, ముసలివాళ్లకు సేవ, వాళ్ల ఆఫీసు శుభ్రం చేయడం నీ పని కాదు. మా భాషా తరగతిలో ఒక కొలంబియా అమ్మాయి ఉండేది. ఆమె ఇంటాయనకు పళ్ల క్లినిక్ ఉంది, రోజూ సాయంత్రం అది తుడిపించేవాళ్లు. ఆమె కుటుంబం మారిపోయింది.

కష్టాలు ఇంకో రకం. పని చేసేదీ, పడుకునేదీ ఒకే ఇంట్లో. నీ టైము అయిపోయాక కూడా తలుపు కొట్టి ‘ఐదు నిమిషాలు చూస్తావా’ అంటారు. ఆ ఐదు నిమిషాలు గంటవుతుంది. మనకేమో ‘పర్వాలేదండి’ అనడం పుట్టుకతో వచ్చింది. వాళ్లకు ఆ మొహమాటం తెలియదు, పర్వాలేదన్నావంటే నిజంగానే పర్వాలేదనుకుంటారు. అలాగే వాళ్లు ‘గిన్నెలు ఇలా పెట్టకూడదు’ అని మొహమ్మీదే అంటే అది కోపం కాదు, ఉన్న మాట అంతే. ఇది అర్థం కాక నేను మొదటి నెలంతా గదిలో ముడుచుకుని కూర్చునేదాన్ని. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. రాత్రి భోజనమంటే చల్లటి రొట్టె, చీజ్. ఊరిబిండి, రాగిసంగటి గుర్తొచ్చి ఏడ్చిన రాత్రులూ ఉన్నాయి, దాచేదేముంది. ఆదివారం షాపులన్నీ మూత, పైగా నీ స్నేహితులు వేరే ఊళ్లో. ఆ ఒంటరితనానికి భాషా తరగతి ఒక్కటే మందు, దాన్ని మాత్రం మానొద్దు.

కాబట్టి ఒప్పుకునే ముందు వీడియో కాల్‌లో ఆ ఇంటి అమ్మానాన్నలిద్దరితో మాట్లాడు, పిల్లల్ని చూడు, నీ గది చూపించమను. వారం మొత్తం టైమ్‌టేబుల్ కాగితం మీద పెట్టి పంపమను. అంతకుముందు ఉన్న ఓ-పేర్ నంబరు అడుగు. నంబరు ఇవ్వకుండా నసిగితే ఆ ఇల్లు వద్దు.

మీ అమ్మగారి మాటకి వస్తే, ఆమె భయం నాకు అర్థమవుతుంది. మా అమ్మా అదే అంది. ఈ కాలమ్‌లో నేను ఎంత చెప్పినా ఆమె వినదు. ఆ వీడియో కాల్‌లో ఒకసారి ఆమెనూ పక్కన కూర్చోబెట్టు. ఆ ఇంటి అమ్మ నీతో ఎలా మాట్లాడుతుందో ఆమే చూసుకుంటుంది. ఇలాంటివి మనకంటే అమ్మలకు ముందు తెలుస్తాయి.

ప్రశ్న: అమ్మా, మాది పలమనేరు పక్క పల్లె, టమోటా పండిస్తాం. మా పాప మ్యూనిక్ దగ్గర ఓ-పేర్‌గా చేరి ఐదు నెలలైంది. పొద్దున ఏడు నుంచి రాత్రి దాకా పనే, ఆదివారం కూడా. ఇంట్లో నడవలేని అవ్వను కూడా చూసుకోమంటున్నారట. ఎదురు చెబితే వీసా క్యాన్సిల్ చేయిస్తామంటున్నారట. సర్దుకుపొమ్మని చెప్పాం. ఇంకేమైనా చేయొచ్చా?

జవాబు: అన్నా, సర్దుకుపొమ్మని చెప్పడం ఈ రోజే ఆపండి. ఆమె చేస్తున్నది ఓ-పేర్ పని కాదు. వీసా రద్దు చేసేది ప్రభుత్వం, ఆ ఇంటివాళ్ల చేతుల్లో ఏమీ లేదు. కుటుంబం మారే హక్కు ఆమెకు ఉంది, మిగిలిన నెలలు వేరే ఇంట్లో గడపొచ్చు.

ఈ రోజు నుంచి ఏ గంటకు మొదలుపెట్టింది, ఏ గంటకు ఆపింది, ఏం పని చేసింది అని ఒక నోటుపుస్తకంలో రాసుకోమనండి. ఒప్పందం కాగితం ఫోటో తీసి మీకు వాట్సాప్‌లో పంపమనండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో అడగండి. అది ఆమె దగ్గరే ఉండాలి, ఇంకెవరూ పెట్టుకోకూడదు. తర్వాత ఒకసారి శాంతంగా ఒప్పందం ముందు పెట్టి మాట్లాడమనండి. వినకపోతే నోటీసు ఇవ్వాలి, మామూలుగా ఒప్పందాల్లో రెండు వారాలని ఉంటుంది. ఏజెన్సీ ద్వారా వెళ్లి ఉంటే కొత్త కుటుంబం వెతికే బాధ్యత వాళ్ల మీద పెట్టండి. ఇల్లు మారేముందే అక్కడి విదేశీయుల కార్యాలయానికి చెప్పాలి, మారాక కొత్త చిరునామా రెండు వారాల్లో నమోదు చేయించుకోవాలి.

చెయ్యి చేసుకున్నా, అసభ్యంగా ప్రవర్తించినా నోటీసు గీటీసు ఏమీ వద్దు, అప్పటికప్పుడు బయటికి రావాలి. పోలీసు నంబరు 110. ఆడవాళ్ల మీద హింస జరిగితే 116 016కి రాత్రీపగలూ ఎప్పుడైనా చేయొచ్చు, ఉచితం. మ్యూనిక్‌లోనే మన భారత కాన్సులేట్ ఉంది. మీరు ఇక్కడి నుంచి మన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. మీరు మాత్రం కోపంలో ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేయొద్దు. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే పడుకుంటోంది కదా.

ప్రశ్న: అక్కా, నేను తిరుచానూరు నుంచి. శాకాహారిని. వచ్చే నెల ప్రయాణం. అక్కడ మాంసం వండమంటే? ఏమేం తీసుకెళ్లాలి?

జవాబు: ఇప్పుడే చెప్పేయ్, దిగాక చెబితే ఇద్దరికీ ఇబ్బంది. శాకాహారం అక్కడ కొత్తేమీ కాదు. అయితే పిల్లలకు సాసేజ్ వేడిచేసి పెట్టమంటారు. అది ముట్టుకోగలవా లేదా తేల్చుకుని ఆ మాట కూడా చెప్పు.

నెయ్యి డబ్బా, పాలకోవా పెట్టుకోవద్దు, పాలతో చేసినవి బయటినుంచి తేకూడదు. పచ్చి కరివేపాకూ వద్దు. పొడులు, ఊరగాయ పర్వాలేదు, బాగా సీలు చేయించు. కుక్కర్ తీసుకెళ్లాలంటే స్టీలుది, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేదై ఉండాలి. చాలా ఇళ్లలో గ్యాస్ ఉండదు, ఇండక్షన్ పొయ్యి అయితే మామూలు అల్యూమినియంది పనిచేయదు. మొదటి విజిల్‌కి ఇంట్లోవాళ్లు పరిగెత్తుకొస్తారు, ముందే చెప్పి పెట్టు. గ్యాస్కెట్ ఒకటి ఎక్కువ తీసుకో, అక్కడ దొరకడం కష్టం.