మీవారి ఏటీఎం కార్డు మీ దగ్గరుంటే డబ్బు మీ దగ్గరున్నట్టు కాదు

నల్లగొండ నుంచి ఒక చెల్లె రాశారు. భర్త ఆర్మీలో హవల్దారు. ఐక్యరాజ్యసమితి శాంతిదళంతో దక్షిణ సూడాన్‌కు ఏడాది డ్యూటీ మీద వెళ్లి ఐదు నెలలైంది. పాప ఆరో తరగతి, బాబు రెండో తరగతి, అత్తమ్మ కూడా వీళ్లతోనే ఉంటారు. ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"పోయిన దసరాకు పిల్లలు చాలా డల్ అయిపోయారు. వాడకట్టులో పిల్లలంతా వాళ్ల నాన్నల చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కుతుంటే మా పాప ఆకు తెచ్చి నోట్‌బుక్‌లో దాచుకుంది, నాన్న వచ్చినంక ఇస్తా అంటుంది. సంక్రాంతికి ఆయనకు సెలవు దొరికేలా ఉంది. అందుకే నలుగురం థాయిలాండ్ వెళ్దామనుకుంటున్నం, ప్యాకేజీ 4 లక్షలు. బంగారం బ్యాంకులో పెట్టి 2 లక్షలు, మిర్యాలగూడలో తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి 2 లక్షలు తీసుకుందామని ఉంది. అక్కడి అలవెన్స్ వస్తుంది కదా, జూన్‌లో ఆయన వచ్చేసరికి తీర్చేస్తం. ఆయన ఏటీఎం కార్డు, సిమ్ నా దగ్గరే ఉన్నయి కాబట్టి డబ్బుకు ఇబ్బంది లేదు. ఈ రెండు అప్పుల్లో ముందు ఏది తీర్చాలి?"

చెల్లెమ్మా, ముందు ఏది తీర్చాలి అని అడిగారు. రెండూ తీసుకోవద్దు, అదే నా జవాబు. అయితే మీ ఉత్తరం ఇక్కడ వేయడానికి కారణం అప్పు కాదు, చివర్లో రాసిన ఆ "డబ్బుకు ఇబ్బంది లేదు" అన్న మాట. భర్త దూరదేశంలో ఉన్న ఇళ్లలో, అది ఆర్మీ అయినా గల్ఫ్ అయినా ఓడ మీద ఉద్యోగమైనా, నేను మళ్లీ మళ్లీ చూసే పొరపాటు సరిగ్గా ఇదే.

పోయినేడు నా దగ్గరికి వచ్చిన ఒకామె సంగతి చెప్తాను. ఆమె భర్త కూడా బయటి దేశంలోనే. ఆయన సిమ్‌ను చిన్న కీప్యాడ్ ఫోన్‌లో వేసి ఫ్రిజ్ మీద పెట్టుకున్నది, ఓటీపీ అందులోకే రావాలి. ఒకరోజు రాత్రి అత్తమ్మ బాత్‌రూంలో జారి పడితే తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో 50 వేలు ముందు కట్టమన్నారు. ఏటీఎంలో రోజుకు ఇంత అని పరిమితి ఉంటుంది కదా, ఆ రోజుకు 20 వేలే వచ్చాయి. మిగతాది భర్త ఖాతాలోంచి పంపుదామంటే ఓటీపీ రాదు, రీచార్జ్ అయిపోయి ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది, పండుగ హడావుడిలో ఎవరూ చూసుకోలేదు. ఆయనకు వాట్సాప్ కాల్ కలవలేదు. ఖాతాలో లక్షా ముప్పై వేలు ఉన్నాయి, ఆమె మాత్రం రాత్రి పదకొండు గంటలకు పక్కింటి తలుపు కొట్టి మెడలో పుస్తెలతాడు తీసిచ్చి నూటికి మూడు రూపాయల మిత్తికి 30 వేలు తెచ్చుకున్నది. ఆ తాడు విడిపించుకోవడానికి ఏడు నెలలు పట్టింది.

డబ్బు ఉంది, కాని ఆమె డబ్బు కాదు. మీ పరిస్థితీ ఇప్పుడు అంతే. మీ లెక్క ప్రకారం ఖాతాలో 60 వేలు ఉన్నాయి, ఆ ఖాతా మీవారి ఒక్కరి పేరు మీదే ఉంది. మీ పేరు మీద ఉన్న ఖాతాలో ఎంత ఉందో మీరు రాయనేలేదు, అంటే రాసేంత లేదనే అనుకుంటున్నాను. సికింద్రాబాద్‌లో మిలిటరీ ఆసుపత్రి ఉంది కదా, వైద్యానికి ఖర్చేముంది అంటారేమో. ఉంది, మంచిదే, కాని అర్ధరాత్రి అత్తమ్మకు గుండెలో నొప్పి వస్తే నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు పోయేదాకా ఆగలేరు, ముందు దగ్గరున్న ఆసుపత్రికే పోతారు, అక్కడ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు అడిగేది పైసలే.

ఇంకో మాట కూడా ఉంది. రాయడానికి నాకు మనసు రావడం లేదు, అయినా ఆర్మీ ఇంటి ఆడబిడ్డ కాబట్టి నేరుగానే చెప్తున్నాను. ఖాతాదారుకు ఏమైనా జరిగితే ఆ మరుక్షణం నుంచి ఆ కార్డు మీరు వాడకూడదు. నామినీగా మీ పేరున్నా సరే, కాగితాలు పెట్టాలి, బ్యాంకు చూడాలి, అప్పుడు డబ్బు వస్తుంది. ఇంట్లో పొయ్యి వెలగడానికి అన్ని రోజులు ఆగలేరు కదా.

అందుకే నేను అందరికీ చెప్పేదే మీకూ చెప్తున్నాను, మీకైతే ఇంకా గట్టిగా. అత్యవసర నిధి మీ పేరు మీద, మీ సంతకంతో, మీ ఫోన్‌కు వచ్చే ఓటీపీతో నడిచే ఖాతాలో ఉండాలి. ఎంత ఉండాలో మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. ఇంటి ఖర్చు అత్తమ్మ మందులతో కలిపి 24 వేలు, స్కూలు, ట్యూషన్ 4 వేలు, ఆడబిడ్డ పెళ్లికి తీసుకున్న లోన్ కిస్తీ 11,500. మొత్తం నెలకు 39,500. ఆరు నెలలకు 2,37,000 అవుతుంది. మామూలు ఉద్యోగస్తుల ఇంటికి మూడు నాలుగు నెలలది చాలు అంటాను. ఏ నిర్ణయమైనా ఒక్కరే తీసుకోవాల్సిన ఇంటికి మాత్రం ఆరు నెలలకు తగ్గించను. మీవారు అక్కడి రాజధాని జూబాలో ఉన్నారో లోపల ఎక్కడో క్యాంపులో ఉన్నారో మీరు రాయలేదు. ఎక్కడున్నా సిగ్నల్ లేని రోజులు ఉంటాయి, ఆ రోజుల్లోనే ఇక్కడ మోటారు కాలిపోతుంది, బాబుకు జ్వరం వస్తుంది.

అందులో 15 వేలు నగదుగా బీరువాలో పెట్టండి. 60 వేలు సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది అదే బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు తెంపుకునేలా చిన్న చిన్న ఎఫ్‌డీలుగా వేయండి. ఒకటే పెద్ద ఎఫ్‌డీ వేయొద్దు, 40 వేలు కావాలన్న రోజు మొత్తం తెంపాల్సి వస్తుంది. చిట్టీలో మాత్రం పెట్టకండి, పాడుకునే దాకా అది అక్కరకు రాదు.

ఇక అలవెన్స్. ఎంత వస్తుందో మీరు రాశారు, ఆ అంకె ఇక్కడ వేయను. అందులో సగం నెలనెలా మీ ఖాతాకు మళ్లిస్తే సంక్రాంతి నాటికే నిధిలో పెద్ద భాగం నిండుతుంది, ఉగాదికల్లా మొత్తం పూర్తవుతుంది. దాన్ని మాత్రం జీతంతో కలిపి లెక్కేయకండి. జూన్‌లో ఆయన తిరిగొచ్చిన నెల నుంచే అది ఆగిపోతుంది, చేతికొచ్చేది మళ్లీ మీరు రాసిన 54 వేల జీతమే. ఖర్చులు, కిస్తీ పోను 14,500 మిగులుతాయి. అందులోంచి మిర్యాలగూడ ఆయనకు మిత్తి కిందే నెలకు 4 వేలు కట్టాలి, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గకుండా. నూటికి రెండు అంటే చిన్నగానే వినిపిస్తుంది, ఏడాదికి నూటికి 24 అవుతుంది. పర్సనల్ లోన్‌కు కూడా బ్యాంకు మామూలుగా అంత తీసుకోదు. జూన్‌లో తీర్చేస్తాం అన్నారు, సరే, అప్పటిదాకానే ఏడు నెలలైతే 28 వేలు మిత్తికే పోతాయి. ఈ మాట నాకు కోపంగానే వస్తోంది, ఏమనుకోకండి. నెలకు 39 వేల ఖర్చున్న ఇల్లు, చేతిలో ఆరు నెలల నిధి లేని ఇల్లు, వారం రోజుల ప్రయాణం కోసం బంగారం కుదవ పెట్టి, పైన నోటు రాసిచ్చి బయటి అప్పు తేవడం నేను ఒప్పుకోను. ఆ బంగారం మీకు ఆఖరి ఆసరా. నిజంగా ఆపద వచ్చిన రోజు అది అప్పటికే బ్యాంకు లాకర్‌లో వేరే అప్పుకు కూర్చుని ఉంటే ఏం చేస్తారు?

ప్యాకేజీ వాళ్లకు అడ్వాన్స్ కట్టారా లేదా అన్నది రాయలేదు. కట్టకపోతే కట్టకండి. సెలవు దొరికేలా ఉంది అన్నారు, అంటే దొరకలేదు. శాంతిదళంలో ఉన్నవాళ్ల సెలవు అక్కడి పరిస్థితిని బట్టి జరుగుతుంది, కట్టిన అడ్వాన్స్ మాత్రం జరగదు. పైగా సర్వీసులో ఉన్న జవాను సొంత పని మీద విదేశం పోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. పిల్లల పాస్‌పోర్టులకు తల్లిదండ్రులిద్దరి సంతకాలూ అడుగుతారు, ఒక సంతకం ఆఫ్రికాలో ఉంది. సంక్రాంతికి ఇవన్నీ కలిసి రావడం కష్టం.

మరి పిల్లల సంగతేంటి అంటారు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది జమ్మి ఆకు గురించే. పాపకు కావాల్సింది నాన్న చేయి, అది ఇంటి గడపలోనే దొరుకుతుంది. ఆయన సెలవు మీద వచ్చిన రోజు ఏ పండుగా కాకపోయినా ఇంట్లో దసరా చేయండి, సకినాలు చేయండి, పాపతో ఆకు పెట్టించండి. నాగార్జునసాగర్ వెళ్లండి, లాంచీలో నాగార్జునకొండకు పోయి రండి (శుక్రవారం మ్యూజియం ఉండదు), బుద్ధవనం చూడండి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు, పాపకు, అత్తమ్మకు మహాలక్ష్మి జీరో టికెట్, మీవారికి ఫుల్ టికెట్, బాబుకు హాఫ్ టికెట్ తీసుకుంటే చాలు. ఒక రాత్రి ఉండి వచ్చినా 10 వేలు దాటదు. ఊళ్లోనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడిలో పడే ఆ నీడ ఎక్కడి నుంచి వస్తుందో నాన్నే పిల్లలకు చూపించనివ్వండి. ఆయన లేని రోజుల్లో కాల్‌కు ఒక టైం పెట్టుకోండి. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ సాయంత్రం ఐదున్నర, డ్యూటీ లేని రోజు దొరికే వేళ అది. థాయిలాండ్ మీద మనసుంటే జూన్‌లో ఆయన తిరిగొచ్చాక, ఆ పై ఏడాది ఎండాకాలం సెలవులకు వెళ్లండి, అలవెన్స్‌లో నిధికి పోగా మిగిలిన దాంట్లోంచి కొంత విడిగా వేసుకుంటూ పోతే అప్పు లేకుండానే అవుతుంది. ప్రావిడెంట్ ఫండ్‌ను మాత్రం దీనికోసం తీయకండి.

బీమా గురించి కొంచెమే. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో, శాలరీ ఖాతాలో, ప్రావిడెంట్ ఫండ్‌లో నామినీ ఎవరో కనుక్కోండి, పెళ్లికి ముందు రాసిన పేర్లే ఇంకా నడుస్తున్న ఇళ్లు చాలా చూశాను. ప్రైవేటు టర్మ్ పాలసీ ఉంటే విదేశీ డ్యూటీలో కూడా వర్తిస్తుందా అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి, ఏజెంట్ నోటి మాట చాలదు. దేవరకొండ రోడ్డులో ప్లాటు కిస్తీలు కట్టమని మరిది అంటున్నాడని రాశారు, నిధి నిండేదాకా ఆ మాట ఎత్తొద్దని చెప్పండి.

మీవారు సెలవు మీద వచ్చినప్పుడు ఒక పూట బ్యాంకుకు కేటాయించండి. శాలరీ ఖాతాలో మీ పేరు కలపగలరా అని అడగండి, కుదరకపోతే ఇద్దరి పేరు మీద వేరే ఖాతా తెరిచి, ఎవరైనా ఒకరు నడిపేలా రాయించండి, జీతం పడ్డ మర్నాడు దానికి మళ్లేలా పెట్టించండి. రిజిస్ట్రేషన్, లోన్ పనులకు మీ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ (ఆయన తరఫున మీరు సంతకం పెట్టే అధికారపత్రం) కూడా అప్పుడే చేయించండి. ఇక్కడ చేస్తే ఒక్కరోజు పని. అక్కడి నుంచి పంపాలంటే జూబాలో మన రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించాలి, ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆయన యూనిట్ ఫోన్ నంబరు, సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీస్ ఫోన్ నంబరు కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి, ఫోన్‌లో సేవ్ చేశాను అని ఊరుకోవద్దు.

వీటన్నిటికీ సంక్రాంతి దాకా టైం ఉంది. మీ పేరు మీద ఖాతా మాత్రం ఈ వారమే తెరవండి. ఆ కీప్యాడ్ ఫోన్‌లాంటిది మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది, మీవారి సిమ్‌కు రీచార్జ్ ఎప్పటి వరకు ఉందో ఇది చదవగానే లేచి వెళ్లి చూడండి.