స్టోన్‌వాల్ నడక మీద నీ వ్యాసం

చి. అమ్మాయికి, దీవెనలు.

న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ గైడ్ టూర్ గురించి, అంటే 1969లో స్టోన్‌వాల్ బారు మీద పోలీసులు దాడి చేస్తే స్వలింగ సంపర్కులు తిరగబడ్డ పేట గురించి, నువ్వు రాసింది చదివాను. గైడ్ చెప్పిందంతా దించేశావు. అమ్మమ్మ, నాన్న, పిల్లలు మొదటి పేరాలో రైలు దిగారు, ఆ తర్వాత ఎక్కడా కనబడరు. ఇంటిల్లిపాదీ వెళ్ళిన నడక కదా, వాళ్ళెక్కడ ఆగారో, ఏమడిగారో అదే వ్యాసం.

క్రిస్టఫర్ పార్కునే తీసుకో. స్వలింగ సంపర్కుల ఉద్యమానికి గుర్తుగా శిల్పి జార్జ్ సీగల్ చేసిన నాలుగు తెల్లని బొమ్మలు. ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉంటారు, ఇద్దరు ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉంటారు, ఒకరి చెయ్యి రెండోవారి తొడ మీద. 1980లో తయారైనా, అభ్యంతరాల మధ్య 1992కి గానీ అక్కడికి చేరలేదు. కాళ్ళు లాగి అమ్మమ్మ కూలబడింది ఆ పార్కులోనే అన్నావు. మరి ఆవిడ ఆ చేతిని చూసిందా, చూడనట్టు ఉందా? నీ వ్యాసంలో అది లేదు.

పిల్లలకు జూలియస్ బారు చాలు. 1966 ఏప్రిల్ 21న మాటషీన్ సొసైటీ అనే స్వలింగ సంపర్కుల హక్కుల సంఘం వాళ్ళు అక్కడికెళ్ళి తాము స్వలింగ సంపర్కులమని చెప్పి మరీ మందు అడిగారు. బార్‌టెండర్ గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. అలాంటివాళ్ళకు పోస్తే లైసెన్సుకే ముప్పని బార్ల భయం. స్టోన్‌వాల్ లాంటివి మాఫియా చేతుల్లో పడ్డదీ అందుకే. ఈ ముడి విప్పకుండా 1969 జూన్ 28 పోలీసు దాడి దగ్గరికి దూకితే చదివేవాడికి ఏమీ అర్థం కాదు.

ఆ గొడవలో మొదటి ఇటుక ట్రాన్స్ ఉద్యమకారిణి మార్షా పి. జాన్సన్ విసిరిందన్న వాక్యం కొట్టెయ్. తను వచ్చేసరికే గొడవ మొదలైందని ఆవిడే చెప్పింది. "మొట్టమొదటి తిరుగుబాటు" కూడా తీసెయ్; శాన్‌ఫ్రాన్సిస్కోలో ట్రాన్స్ మహిళలు పోలీసుల మీద తిరగబడ్డ కాంప్టన్స్ కెఫెటేరియా గొడవ 1966 నాటిది. "ఆరు వీధులు దాటి" అన్నది ఇంకో తప్పు. అక్కడ వెస్ట్ 4వ వీధి వెళ్ళి వెస్ట్ 10వ వీధినే అడ్డంగా కోస్తుంది, పదిలోంచి నాలుగు తీసేసి దూరం లెక్కగట్టకు.

మన దగ్గరా ఇలాంటి వేధింపులు ఉండేవా అని నాన్న అడిగితే, లేవని జవాబిచ్చావట! నిజాం కాలపు నపుంసకుల చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, ఆడవేషంలో బయట కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చెయ్యనిచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. నాన్న ప్రశ్న ఉంచు, జవాబు మార్చు.

వాళ్ళ ఉద్యమానికి గుర్తైన ఇంద్రధనుస్సు గురించిన ఆఖరి పేరా నాకక్కర్లేదు. ఫోటోల కింద వీధి పేరు రాయి. దారినపోయేవాళ్ళ మొహాలు కనబడేవి మాత్రం పంపకు. ఆ వీధిలో ఉన్న సంగతి ఇంట్లో తెలియనివాళ్ళు ఈనాటికీ ఉంటారు.