చేపల చెరువులో రిటైర్మెంట్ డబ్బు పెట్టవచ్చా?

ప్రశ్న: అరవై ఏళ్లు నిండి రిటైరయ్యాను. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 24 లక్షలు వచ్చాయి. కైకలూరు దగ్గర ఆరెకరాల చేపల చెరువు లీజుకు తీసుకుందాం, 15 లక్షలు పెట్టు బావా అంటున్నాడు మా బావమరిది. ఈ రంగానికి మంచి భవిష్యత్తు ఉందట. పెట్టమంటారా?

జవాబు: ఆయన చెప్పింది అబద్ధం కాదు. చేపల పెంపకంలో ప్రపంచంలో చైనా తర్వాత మన దేశమే, దేశంలో ఆంధ్రప్రదేశే ముందు. 2020లో వచ్చిన మత్స్య సంపద యోజనలో కొత్త చెరువులకు 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం సబ్సిడీ పెట్టారు. మీరు తీసుకునేది ఉన్న చెరువు కాబట్టి ఆ లెక్క పక్కన పెట్టండి.

రంగం పెరుగుతున్నంత మాత్రాన మీ చెరువులో డబ్బు మిగలాలని లేదు. ఖర్చులో సగానికి పైగా మేతదే. శీలావతి, బొచ్చె చేపలు పట్టుబడికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. అప్పటిదాకా మేతగా వేసే తవుడుకీ, నూనె తీసిన చెక్కకీ డబ్బు పోవడమే. మధ్యలో చేయి ఖాళీ అయితే మేత అరువు తేవాలి, అరువిచ్చినవాడు చెప్పిన రేటే ఖాయం. అమ్మకం ధరా మన చేతిలో ఉండదు. సరుకు ఐసులో లారీలెక్కి హౌరాకో అస్సాంకో పోవాలి. అక్కడ రేటు పడిందని పట్టుబడి ఆపితే మేత ఖర్చు ఆగదు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలతాయి, ఆ వేళకి ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) వేసే మనిషి గట్టు మీద ఉండాలి. బావమరిది అక్కడే ఉంటాడా, లేక ఆయనదీ ఫోన్‌లో వ్యవసాయమేనా?

నా మాటగా, 5 లక్షలు దాటకండి. అందులో సగం మేతకే ఉంచండి. మిగతాదాంట్లో ఏడాది ఇంటి ఖర్చు ఎఫ్‌డీలో, తక్కింది సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. ఆయనకు ఇంకా కావాలంటే కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 2018-19 నుంచి చేపల రైతులకూ, కౌలుదార్లకూ ఇస్తున్నారు. అంత నమ్మకం ఉన్నప్పుడు ఆ అప్పు ఆయన పేరున ఉండటమే న్యాయం.

లీజు పత్రంలో మీ పేరూ రాయించండి. సర్వే నంబరు కొల్లేరు ఐదో కాంటూరు, అంటే ఆ సరస్సు అభయారణ్యం హద్దు, లోపల లేదని తేల్చుకోండి; అందులో చేపల చెరువులు కూడవు. 2006లో అక్కడ చెరువు గట్లు కొట్టేసిన సంగతి ఆ ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. చాలామందికి తెలియని ఇంకో విషయం: చేపల మీద లాభం వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయంగా పన్ను కట్టాలి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు, ఆ చెరువులో గత రెండు పట్టుబడుల కాటా చీటీలు చూపించమనండి. చూపించకపోతే వేరే చెరువు చూసుకోండి.